సంతోష్ కట్టిన అణు సాంచె

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. సాంచాల మోతలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మోత వినపడదు, అది ఆగితేనే చెవులు గింగురుమంటాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం లైను పని ఉందని కరెంటు తీశారు. వీధి వీధంతా నోరు మూసుకుంది. మబ్బు దట్టంగా పట్టి ఇంట్లో దీపాల వేళ చీకటి. అక్షిత తన అన్న లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూచుంది. గోడకు అటువైపు నరేందర్ కార్ఖానా. మొన్న ఎండాకాలంలో ఆమె అన్న సంతోష్ పనిచేస్తూ చచ్చిపోయింది అక్కడే.

సాంచాలు మాటిమాటికీ ఆగుతున్నాయని, కార్ఖానా ఆసామి నరేందర్ ఫ్యూజులో సన్నతీగ తీసేసి లావు రాగితీగ మెలిపెట్టాడు. ఫ్యూజు పోతే బట్ట ఆగుతుంది కదా, మనిషి ఆగితే ఏం పోయింది! సంతోష్ సాంచె ఇనుము మీద చెయ్యి వేశాడు, మళ్ళీ తియ్యలేదు. తెల్లారి నరేందర్ బజారంతా చెప్పుకొచ్చాడు: "సాంచెల షాక్ ఎక్కడిది? పిలగాడు ఫోన్ల ఆట ఆడుకుంట గుండె ఆగి సచ్చిండు." చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా, నరేందర్ ధైర్యం అది.

అదంతా ఒక ఎత్తు, అమ్మ ఒక్కతే ఒక ఎత్తు. దినాలు అయిన మర్నాడే శంకరవ్వ అదే కార్ఖానాకు నూలు కండెలు చుట్టడానికి పోయింది. "నీకు సిగ్గు గిట్ల లేదానె అవ్వా?" అని అక్షిత వాడంతా వినేలా అరిచింది. శంకరవ్వ చెప్పులేసుకుని పనికి పోయింది. అప్పటినుంచి తల్లీకూతుళ్ళు కలిసి అన్నం తిన్నది లేదు.

లాప్‌టాప్‌లో సంతోష్ ఆట అలాగే ఉంది. ఆటంటే తుపాకులూ కార్లూ కాదు. నల్లటి తెర మీద రవ్వంత రవ్వంత రేణువులు. ఇసుక, నీళ్ళు, ఇనుము, ప్లుటోనియం. దేని గుణం దానిదే. నీళ్ళు పల్లానికి పారతాయి, తీగలో కరెంటు నడుస్తుంది, న్యూట్రాను తగిలితే ప్లుటోనియం కుతకుతలాడుతుంది. సంతోష్ ఏళ్ళ తరబడి ఒక్కో రేణువూ పేర్చి అందులో అణు రియాక్టరు కట్టాడు. ఆ వేడికి నీళ్ళు ఆవిరై, ఆ ఆవిరితో ఒక బుల్లి సాంచె నడవాలి. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెతో సహా ఏదీ వదల్లేదు. వేడి మితిమీరితే కరిగిపోయి అన్నిటినీ ఆపేసే సన్నతీగ కూడా పెట్టాడు. "మిషన్‌కు ముందు ఆగుడు నేర్పాలె చెల్లె, నడుసుడు తర్వాత," అనేవాడు.

ఆ మాట గుర్తొచ్చింది అక్షితకు. "ఆగుడు నేర్పినవ్ గద, నీకేం ఒరిగింది?" అని తెరను తిట్టింది. సన్నతీగ చెరిపేసింది. దాని చోట నరేందర్ పెట్టినట్టే లావు తీగ గీసింది. పేలిపోనీ. అంతా బుగ్గయిపోనీ. పళ్ళు నూరుతూ, ఆటను నడిపే, ఆపే స్పేస్ బటన్ నొక్కింది.

రియాక్టరు ఎర్రబడింది. తెల్లబడింది. పేలలేదు. ఆవిరి ఎగదన్నింది, నాడె కదిలింది.

ఠక్... ఠక్... ఠక్...

లాప్‌టాప్ స్పీకరు పాడై చాలా కాలమైంది. చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది.

నెత్తి మీద ఫ్యాను కదలట్లేదు. కరెంటు లేదు. అయినా కార్ఖానాలో ఒకే ఒక్క సాంచె నడుస్తోంది. వీపు వెనక గోడ సన్నగా అదురుతోంది. ముందు రబ్బరు కాలిన వాసన వచ్చింది. దాని వెంటే సంతోష్ తలకు పెట్టుకునే చల్లనూనె వాసన.

బటన్ నొక్కింది. తెర ఆగింది. గోడ అవతల చప్పుడూ ఆగింది. మళ్ళీ నొక్కింది. ఠక్... ఠక్...

"అన్నా..." గోడకు చెవి ఆనించింది. "నువ్వేనా?"

నాడె ఒక్క క్షణం ఆగి, మునుపటికన్నా జోరుగా కొట్టుకుంది.

బయట చెప్పుల చప్పుడు. సగం దించి ఉన్న షట్టరు పూర్తిగా లేచింది. "ఎవడ్రా లోపల? కరెంట్ లేకుంట ఎట్ల నడుస్తున్నదిరా ఇది?" నరేందర్ గొంతు.

అక్షిత వేలు బటన్ మీదే ఉంది. నొక్కలేదు. పోనీ. వాడూ సాంచె ముట్టనీ. భయం లేదని కాదు, కోపం ముందు అది నిలవలేదు. ఇన్నాళ్ళూ ఆమె కనపడ్డ దేవుణ్ణల్లా అడిగింది ఇదే.

అప్పుడు అక్కడి నుంచే ఇంకో గొంతు వినిపించింది. "రా నరేందర్. లోపలికి రా."

అమ్మ! కూరగాయలకని చెప్పి పోయిన అమ్మ.

అక్షిత బటన్ నొక్కింది. చప్పుడు ఆగింది. లాప్‌టాప్ చాప మీద పడేసి చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

కార్ఖానాలో శంకరవ్వ ఆ సాంచె పక్కన నిలబడి ఉంది. కొడుకు ముట్టిన చోటే, ఆ ఇనుము మీదే అరచెయ్యి ఆనించి ఉంది. నరేందర్ రెండు సాంచాల సందులో గోడకు అతుక్కుపోయాడు. దారికి అడ్డంగా ఆమె.

"అవ్వా, చెయ్యి తియ్యే!"

"ఎందుకాపినవ్ బిడ్డా?"

అక్షిత అడుగు ఆగిపోయింది. ఆపింది తనేనని అమ్మకు ఎవరు చెప్పారు?

"కండెల కోసం వస్తున్ననుకుంటివా?" శంకరవ్వ గొంతులో ఏడుపు లేదు. "దినాం గీ ఇనుముతోని మాట్లాడిన. ఒక్కసారి రా కొడుకా అని బతిమాలిన. ఇయ్యాల అచ్చిండు. నన్నేమన్లేదు సూడు."

ఇన్నాళ్ళూ అమ్మను తిట్టిన తిట్లన్నీ అక్షితకు గుర్తొచ్చాయి. శంకరవ్వ నరేందర్ వైపు తిరిగింది. "సాంచెల షాక్ లేదంటివి గద. ముట్టి సూపెట్టు."

"అక్కా, నీ కాళ్ళు మొక్కుత... తీగ నేనే పెట్టిన... నలుగుర్ల ఒప్పుకుంట..."

అక్షిత తల్లి భుజం పట్టుకుంది. "ఒప్పుకున్నడు గదనే. నాకు నువ్వన్న మిగులు. పోదాం రా అవ్వా."

శంకరవ్వ కూతురి మొహం చూసింది. తర్వాత ఇనుము మీంచి చెయ్యి తీసి, దారి వదిలింది.

ఇంట్లో ఎవరూ లేరు. అయినా గోడ అవతల బటన్ నొక్కిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

సాంచె కదిలింది. నరేందర్ షట్టరు వైపు అడుగు వేశాడు. కుడిచెయ్యి మాత్రం వాడితో రాలేదు. మెల్లగా... ఇనుము వైపు లేస్తోంది. వాడు రెండో చేత్తో దాన్ని పట్టి గుంజుతున్నాడు.

"నేను లేపుతలేను..." గుసగుసగా అన్నాడు. "అమ్మతోడు... నేను లేపుతలేను..."