ఆదిశేషయ్య గుండెలో తలుపు

ఆదిశేషయ్య ఇంట్లో చప్పుళ్ళు రెండు. పగలు మగ్గం. అంతా సద్దుమణిగాక, అతని రొమ్ములోంచి వచ్చే చిన్న టిక్కు. ఇంటికొచ్చిన చుట్టాలు గోడ గడియారం కోసం వెతుక్కునేవాళ్ళు.

మూడేళ్ళ కిందట బెజవాడ ఆసుపత్రిలో పెట్టిన లోహపు కవాటం అది. "చూడమ్మా, గుండెలో గదులుంటాయి, వాటికి తలుపులుంటాయి. రక్తం ముందుకే పోవాలి. దాటగానే తలుపు మూసుకోవాలి. మీవారిది పాడైంది, లోహంది బిగించాం" అని డాక్టరు అనంతకృష్ణగారు అతని భార్య మల్లీశ్వరికి విడమరిచి చెప్పారు. "లోహం దగ్గర రక్తం గడ్డకడుతుంది. అందుకే పల్చబరిచే బిళ్ళ రోజూ పడాలి. టిక్కు వినబడకపోతే మాత్రం పరుగున తీసుకురండి."

ఆనాటినుంచి మంగళగిరిలోని ఆ చిన్న ఇంట్లో, మొగుడి వీపుకి చెవి ఆనించి టిక్కు వింటేగానీ ఆమెకి నిద్ర పట్టేది కాదు. "పడుకోనిస్తావా, కాపలా కాస్తావా?" అని అతను విసుక్కునేవాడు. విసుక్కుంటే విసుక్కున్నాడు, మనిషి ఉన్నాడు కదా అనుకునేది.

ఆ శ్రావణంలో బెజవాడ పటమటలో ఉండే త్రిపురసుందరిగారు కూతురి పెళ్ళికి మధుపర్కాలు నేయమన్నారు. మల్లెపువ్వులాంటి తెల్లనూలు. రెండోరోజే దారం కోయబోయి బొటనవేలు కోసుకున్నాడు ఆదిశేషయ్య. ఇంకొకరికైతే చిటికెలో ఆగే నెత్తురు. బిళ్ళ పుణ్యమా అని అతనికి ఆగలేదు. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలి చివరిదాకా వచ్చి బొట్టుబొట్టుగా రాలింది. పెళ్ళిబట్ట మీద నెత్తురు! నేసిన మూరెడూ కోసి అవతల పారేశాడు. మర్నాడూ గుడ్డకట్టు తడిసింది.

ఆ మీద రెండు రోజులకి కారడం మానేసింది. "చూశావా, ఆగింది" అన్నాడు గర్వంగా.

ఎందుకు ఆగిందో ఆమె అడగలేదు. గడువు ముంచుకొస్తోందని అతను రాత్రుళ్ళు కూడా మగ్గం దగ్గరే కునుకుతుంటే, ఆమె చెవికి ఆ వీపు దొరకనేలేదు.

వేలు తెగిన ఆరోనాటి పొద్దున, బట్ట రేపిస్తామని చెప్పడానికి మల్లీశ్వరి పక్కింటి బాలశౌరి ఆటోలో పటమట వెళ్ళింది. వానలో చిక్కుకుని, తిరిగొచ్చేసరికి దీపాల వేళయింది. వీధంతా కరెంటు పోయింది. తడిమట్టి వాసన, గంజి వాసన. లోపల చీకట్లో మగ్గం ఆడుతోంది.

"దీపమైనా పెట్టుకోకుండా ఏం నేతండీ?"

"కండె ఇవ్వు" అన్నాడు ఆదిశేషయ్య. గొంతు ఎక్కడో లోతునుంచి వచ్చినట్టుంది. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి వీపు మాత్రమే కనబడుతోంది.

నూలు చుట్టిన కండెల బుట్టలో చెయ్యి పెట్టింది. అడుగున ఏవో గుండ్రంగా తగిలాయి. చిన్నవి. గుమ్మం దగ్గరి వెలుతురులో చూసింది.

బిళ్ళలు. అయిదు.

అయిదు రోజులు... పెళ్ళిబట్ట మరకపడకూడదని అయిదు రోజులు మింగలేదు ఈ మొండిమనిషి!

గుంట గట్టున కూలబడి అతని వీపుకి చెవి ఆనించింది.

కండెని మోసే నాడె ఇటు. నాడె అటు. కాళ్ళు తొక్కుతున్నాయి. చేతులు ఆడుతున్నాయి.

టిక్కు లేదు.

చొక్కా కింద ఒళ్ళు చల్లగా... తడిగోడలా చల్లగా...

"ఆపండి" అని గొణిగింది. "ఆసుపత్రికి పోదాం. ఆపండి..."

"ఇంకొక్క మూర."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. మగ్గం ఆగింది. ఆగీఆగగానే ఆదిశేషయ్య పడుగు దారాల మీదికి ఒరిగిపోయాడు.

వీధి చివరి డాక్టరు టార్చి వేసి చూశాడు. "మధ్యాహ్నమే పోయాడమ్మా. ఒళ్ళు కొయ్యబారిపోయింది."

"ఇప్పటిదాకా నేశాడండీ" అంది మల్లీశ్వరి.

డాక్టరు జాలిగా చూశాడు. ఆటో ఆపి ఇంతసేపూ వరండాలో నిలబడ్డ బాలశౌరి తలెత్తలేదు. మగ్గం చప్పుడు అతనూ విన్నాడు.

దహనం అయింది. మగ్గం విప్పేస్తామన్నారు చుట్టాలు. ఆమె విప్పనివ్వలేదు. నేను చెయ్యి పట్టుకోకపోతే ఇంకా ఉండేవాడు అన్న మాట ఆమెని తొలిచేస్తోంది. మూడోనాటి సాయంత్రం కండె చుట్టి గుంట గట్టున పెట్టింది. పక్కనే గ్లాసుడు నీళ్ళు, ఒక బిళ్ళ. పిచ్చితనమని ఆమెకీ తెలుసు.

తెల్లారేసరికి కండె ఖాళీ. గుడ్డ జానెడు పెరిగింది. బిళ్ళ మాత్రం పెట్టినచోటే ఉంది.

"చచ్చినా మింగరా?" అని భోరున ఏడ్చింది.

అలా రోజూ. కండె ఖాళీ. బిళ్ళ అక్కడే. మగ్గం ఆడుతున్నంతసేపూ మంచంమీద దుప్పటి కప్పుకుని వినేది. ఆ చప్పుడు మధ్య టిక్కు కోసం వెతికేది. ఉండేది కాదు. లేనందుకు భయమో, ఉంటుందేమోనని భయమో ఆమెకే తెలియలేదు.

పదోనాటి సాయంత్రం ఆమె గట్టున కూర్చుని గట్టిగా చెప్పింది. "పెళ్ళివాళ్ళు ఇంకెక్కడో కొనుక్కున్నారు. మరకపడినా అడిగేవాళ్ళు లేరు. నా మాట విని మింగండి."

మర్నాడు వేకువన మగ్గం ఉన్నట్టుండి ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, గుంటలోంచి...

టిక్.

టిక్.

మల్లీశ్వరి దీపం పట్టుకుని వెళ్ళింది. గుంటలో ఎవరూ లేరు. గ్లాసు ఖాళీ. బిళ్ళ లేదు. తెల్లగుడ్డ అంచున ఒక ఎర్రటి చుక్క, ఇంకా తడిగా ఉంది. ఆమె చూస్తుండగానే, ఒక్కో టిక్కుకీ ఒక్కో చుక్క, గట్టు మీదుగా ఆమె కాళ్ళవైపు వస్తోంది.