రెండుసార్లే పిలిచింది

ఆత్మకూరులో అది ఆరు మంచాల చిన్న కాన్పుల ఆస్పత్రి. 1953 వానాకాలంలో సీతారామపురం నుంచి శీనమ్మ అక్కడికి ఆయా పని నేర్చుకోవడానికి వచ్చింది. మొగుడు పోయిన మనిషి. చెయ్యి నెమ్మది. బాలింతకు ఒళ్లు తుడవడం, మనిషిని కదిలించకుండా పక్కగుడ్డ మార్చడం తొందరగానే పట్టుబడ్డాయి. పట్టుబడనిది ఒక్కటే. పొద్దు వాలాక ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలికేది కాదు.

"దెయ్యమైతే రెండుసార్లే పిలస్తాదంట. మా అవ్వ చెప్పింది" అనేది.

"ఏం మే, మీ వూరి దెయ్యాలకు మూడు దాకా ఎంచను రాదా?" అని పెద్దాయా నాగేశ్వరమ్మ నవ్వేది. అంతలోనే వార్డు చివర మంచం వైపు చూసేది, ముఖం గట్టిపడేది. "ఈడ మొదటి పిలుపుకే పలకాల. అది రాకపోతే ఇంటికి పో."

ఆ సాయంత్రం వాన. పెంకుల మీద హోరు. ఫినాయిలు వాసన, తడిసిన సున్నం వాసన. వార్డులో ఉన్నది జీనత్ ఒక్కతే. పొద్దున కొడుకును కన్నది. వెచ్చగా ఉంటుందని బిడ్డను నాగేశ్వరమ్మ వంటగదిలోకి తీసుకుపోయింది. శీనమ్మ వసారాలో లాంతరు చిమ్నీ తుడుస్తోంది.

"శీనక్కా..."

చెయ్యి ఆగింది.

"అక్కా..."

వాన. శీనమ్మ మూడో పిలుపు కోసం కాచుకుంది. అది రాలేదు.

లాంతరు వెలిగించుకుని లోపలికి వెళ్లేసరికి పరుపు తడిసి రక్తం నేల మీదికి కారుతోంది. జీనత్ కళ్లు తలుపు వైపే ఉన్నాయి. డాక్టరమ్మ వచ్చింది, చెయ్యి పట్టి చూసింది, దుప్పటి ముఖం మీదికి లాగి వెళ్లిపోయింది.

"పిలిచిందా?" నాగేశ్వరమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"రెండుసార్లేనక్కా..."

"మూడోసారికి ఊపిరి మిగలద్దా మే?"

శీనమ్మ మంచం పక్కనే కూలబడింది. వాన సన్నగిల్లింది. అప్పుడు... దుప్పటి కింద నుంచి...

"శీనక్కా..."

"వచ్చినాను తల్లీ! ఈడనే ఉండా. ఏం కావాలమ్మా?"

దుప్పటి కదల్లేదు. గొంతు మాత్రం అలసటగా, చాలా దగ్గరగా...

"నాకింకేం వద్దక్కా. ఆ చివర మంచం ఆమెను చూడు. ఎప్పటినుంచో పిలస్తా ఉండాది."

చివర మంచం ఖాళీ. దాని మీద పరుపు కూడా లేదు. శీనమ్మ ఊపిరి బిగబట్టి విన్నది. ఏ పిలుపూ వినపడలేదు.

నాగేశ్వరమ్మ మాత్రం అప్పటికే ఆ ఖాళీ మంచం వైపు నడుస్తోంది. నడుస్తూ, మెల్లగా, "వస్తుండా... వస్తుండా..." అంటోంది.