సిద్ధమ్మ కుడిచెయ్యి

ఈ కథలో ఒక్క మాట నేను అల్లింది ఉందని తేలినా సరే, నా మీసం కుడివైపుది గీయించుకుని ఫర్వానియా బజారంతా ఒక చుట్టు తిరిగొస్తాను. కువైట్‌లో ఏ తెలుగింట్లో ఏం జరిగినా కుక్కరు మూడో కూత పెట్టేలోపు నా చెవిన పడుతుంది. అలాంటివాణ్ణి చెబుతున్నాను, నమ్మండి.

అది శుక్రవారం పొద్దు. రవీంద్ర ఇంట్లో శుక్రవారమంటే దోసెలు. అతను అల్ రాయ్‌లో గోడౌన్లకు చల్లటి గదులు కట్టే కంపెనీలో ఇంజనీరు. మిగతా ఆరు రోజులూ నిలబడి తినేవాడు, ఆ ఒక్కరోజే కూర్చుని తింటాడు. భార్య పద్మజది విజయవాడ. దోసె అంచు కరకరలాడకపోతే ఆవిడకు రోజంతా మనసు బాగుండదు. రవీంద్ర తండ్రి ఈశ్వరయ్య విజిట్ వీసా మీద వచ్చి నెలయింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, సోఫా ఉండగా హాల్లో చాప మీదే కూర్చుని, ఒక్కో దోసెకు ఒక్కో కథ చొప్పున చెల్లిస్తున్నాడు.

ఈ దేశం ఆయనకు కొత్త కాదు. రాజంపేట దగ్గరి పల్లెలో పెళ్ళాన్నీ, తల్లినీ, పసివాడు రవీంద్రనూ వదిలి వచ్చి, వఫ్రా తోటల్లో ముప్పై అయిదేళ్ళ దాకా దోసపాదులకు నీళ్ళు కట్టాడు. రవీంద్ర చదువుకుని ఉద్యోగానికి ఇక్కడికే వచ్చాక, శుక్రవారాలు కూరగాయల బండెక్కి కొడుకింటికి చేరేవాడు. మనవరాలు వర్షను ఒళ్ళో కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా కథలు చెప్పి, మళ్ళీ బండెక్కి వెళ్ళిపోయేవాడు. పనిచేయడం చాలించి ఊరికి వెళ్ళి పన్నెండేళ్ళయింది.

ఆ కథలన్నీ ఆయన తల్లి సిద్ధమ్మవే. సిద్ధమ్మ కుడిచెయ్యి వేస్తే విరిగిన ఎముక అతుక్కోవలసిందే. కోడిపిల్ల కాలు అతికింది. బండి కింద పడ్డ ఎద్దు తొడ అతికింది. పక్కకు తిరిగిపోయిన పోలీసాయన మెడను ఒక్క విసురులో ముందుకు తిప్పితే, ఆయన ఆ రోజు నుంచి లంచం మానేశాడట. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరుకు రైలెక్కడమే మానుకున్నారట.

ఆ వర్షకు ఇప్పుడు ఇరవై మూడు. అమెరికాలో డిగ్రీ ముగించుకుని ఇంటికొచ్చింది. ఆగస్టులో అక్కడే ఒక ఆస్టియోపతిక్ మెడికల్ కాలేజీలో చేరబోతోంది. అది పూర్తి డాక్టరు చదువేననీ, దానికి తోడు చేతులతో ఎముకనూ కండనూ తడిమి తెలుసుకోవడం నేర్పుతారనీ తెలిసినవాళ్ళందరికీ చెప్పి పద్మజ గొంతు అరిగింది. అయినా, కట్టు కట్టడం నేర్చుకోవడానికి పుత్తూరు వదిలేసి అమెరికా ఎందుకని ఒకరు, ఆపరేషన్ కత్తి పట్టుకోనివ్వరటగా అని మరొకరు. ఈశ్వరయ్య మాత్రం పుత్తూరు అనగానే మురిసిపోయి, మా అమ్మ పోలిక అనేవాడు.

ఆ కాలేజీవాళ్ళు ఏటా ఒక పట్టిక వేస్తారు. కొత్తగా ఎందరు చేరారు, అందులో ఆడపిల్లలెందరు, పల్లెల నుంచి ఎందరు, ఏ దేశం నుంచి ఎందరు, చదువు ముగించినవాళ్ళు ఎక్కడ స్థిరపడ్డారు, అన్నీ ఉంటాయి. కిందటేడు చేరినవాళ్ళు నూట అరవై ఎనిమిది మంది, బయటి దేశాలవాళ్ళు నలుగురు. పట్టా పుచ్చుకున్న ప్రతి పదిమందిలో ఆరుగురు చిన్న ఊళ్ళలోనే ఉండిపోయారు. వర్ష ఇవన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేది. ఆ పల్లెల్లో ఎనుములున్నాయా, పాడి ఎట్లా అని తాత ఆరా తీసేవాడు. ఈసారి పట్టికలో కువైట్ అని ఒక కొత్త గడి వస్తుందని వర్ష రోజుకొకసారైనా అనేది. ఆ పిల్ల దేనికోసమూ అంతగా ఎదురుచూడగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆ శుక్రవారం రెండో దోసె దగ్గర వర్ష ఫోనుకు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈసారి పట్టిక పక్కన ఒక విద్యార్థి కథ వేస్తారట, కమిటీ వర్షను ఎంచుకుందట. దరఖాస్తులో నువ్వు రాసిన మీ ముత్తవ్వ, పల్లెలో చేతులతో ఎముకలు సరిచేసిన సిద్ధమ్మగారి ఫోటో ఒకటి పంపగలవా అని అడిగారు. వర్ష మొహం వెలిగిపోయింది. పద్మజ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. మామయ్యగారూ, ఫోటో ఊళ్ళో ఉందా, ఎవరితోనైనా తీయించి పంపించమందామా అని అడిగింది.

ఈశ్వరయ్య దోసె ముక్కను చట్నీలో ముంచి, అక్కడే మరిచిపోయాడు.

రవీంద్ర మెల్లగా తలెత్తాడు. ఉత్తరం మళ్ళీ చదవమన్నాడు. దరఖాస్తులో ఏం రాశావో అదీ చదవమన్నాడు. వర్ష చదివింది. ఎద్దు తొడ ఉంది, పోలీసాయన మెడ కూడా ఉంది, లంచం సంగతి మాత్రం వదిలేసింది. వింటున్నకొద్దీ రవీంద్ర మొహం బిగుసుకుంది.

ఇక్కడ ఒకమాట. మొదట్లో మీసం మీద పందెం కాశాను గదా, నాకు మీసం లేదు. పెళ్ళినాడు తీసింది మళ్ళీ పెంచలేదు. ఈ ఇంటి సంగతి కూడా నా చెవిన పడింది మూడో కూతకు కాదు, ఏడు నెలలకు. కానివ్వండి, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది.

కోపం వస్తే రవీంద్రకు పాతికేళ్ళ కువైట్ ఊడిపోయి సీమ మాట పైకొస్తుంది. "పిల్ల ఎదురుగానే చెప్పు నాయనా," అన్నాడు. "మీ యమ్మ, మా జేజి, కుడిచెయ్యి ఎంతవరకు లేస్తాండె? చూపీ."

ఈశ్వరయ్య తన కుడిచేతిని నడుం దాకా ఎత్తి, అక్కడ ఆపేశాడు.

ఆ తర్వాత కాసేపు ఎవరేం మాట్లాడారో వరసగా చెప్పడం కష్టం. సీటు పోతుందని పద్మజ ఏడుపు. ముసలాయన సరదాకు చెప్పిన కథను తీసుకెళ్ళి కాలేజీవాళ్ళ చేతిలో పెట్టాలా, తండ్రినన్నవాణ్ణి ఒక్కసారి అడిగితే ఏం పోయేదని కూతురి మీద రవీంద్ర. చివరకు, ఫోటో లేదని రాసి ఊరుకో, ఆ పల్లెకు వచ్చి విచారించేవాళ్ళు ఎవరూ లేరు, కావాలంటే మీ అమ్మమ్మ ఫోటోనే సిద్ధమ్మదని పంపించమని తనే అన్నాడు. అన్న తర్వాత ఆ మాటకు తనే సిగ్గుపడ్డాడు.

వర్ష గొంతు పెంచలేదు. "ఏ ఊరి నుంచి వచ్చావు, ఆ ఊరు నీకేమిచ్చింది, రాయమన్నారు డాడీ. పుట్టిన ఊళ్ళో నేను ఇఖామా పర్మిట్ మీద ఉన్నాను. మీ ఊళ్ళో ఏడాదికి పదిరోజుల చుట్టాన్ని. జేజినాయన చెప్పిన ఊరొక్కటే నాదనిపించింది. అది రాశాను."

పద్మజ వెళ్ళి పొయ్యి కట్టేసింది.

"వాళ్ళు నన్ను ఆ చెయ్యి చూసే తీసుకున్నారేమో," అంది వర్ష. "ఇంక దాచి ఎట్లా వెళ్ళను?"

ఈశ్వరయ్య జీవితంలో కథకు ఇంత శిక్ష ఎప్పుడూ పడలేదు. వఫ్రాలో వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ ముందు కూడా ఒక అబద్ధంతో మరో అబద్ధాన్ని మోసుకుని బయటపడినవాడు. ఇప్పుడూ ఒకటి సిద్ధంగానే ఉంది నాలుక మీద. ముసలితనంలో తల్లి చెయ్యి పడిపోయిందనీ, అంతకుముందు అంతా నిజమనీ అనేస్తే చాలు. రవీంద్ర కాదనలేడు, తను పుట్టకముందు సంగతి అతనికేం తెలుసు. మనవరాలు నమ్ముతుంది, నమ్మాలనే చూస్తోంది. ఆ చూపే ఆయన్ను ఆపింది.

"అబద్ధం మ్మీ," అన్నాడు. "అన్నీ అబద్ధమే. మా యమ్మ ఎవరికీ కట్టు కట్టలా. అమ్మకే కట్టాల్సిండె. బండి మింద నుంచి పడితే భుజం కీలు తప్పింది. రాజంపేటలో రైలెక్కితే పుత్తూరు పూటపని. చెనిక్కాయ పంట పీకుడయినాక పోదాం అన్న్యాడు మా నాయన. పీకుడయ్యేపాటికి కీలు అట్లనే గట్టిపడిపాయ. నాకు ఎనిమిదేండ్లు. చెయ్యి పట్టుకోని రైలెక్కిచ్చేంత పెద్దోన్ని కాకపోతి."

ముప్పై ఏళ్ళు ఆమె ఎడమచేత్తోనే నీళ్ళు తోడింది, ఎడమచేత్తోనే జడ వేసుకుంది. వఫ్రాలో రేకుల గదిలో తల్లి గుర్తొచ్చినప్పుడల్లా ఆ వంగిపోయిన చెయ్యే కళ్ళముందు నిలిచేది. చూడలేక, ఒకరోజు ఊహలో దాన్ని కాస్త పైకి లేపి కోడిపిల్లను అందించాడట. లేచిన చెయ్యి చూస్తే బాగుందనిపించిందట. అందుకని ఎద్దును తెచ్చాడు, ఆపైన పోలీసును తెచ్చాడు.

"నా కథల్లోనే లేచేది ఆ చెయ్యి," అన్నాడు. "ఇంగ యాడా లేవలా."

రవీంద్ర కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. తన తలకు ఎడమచేత్తో నూనె రాసిన జేజి సంగతి ఎత్తాడు. తండ్రి వస్తాడని ఎండాకాలం ఎండాకాలం ఆమె, తనూ రోడ్డు మీదికి వెళ్ళి బస్సులు చూసేవాళ్ళమనీ చెప్పాడు. ఆమె పోయినప్పుడు కఫీల్ సెలవు కాగితమివ్వక తండ్రి రాలేకపోతే, కొరివి పదమూడేళ్ళ తనే పట్టాడు. కూతురికి అన్ని శుక్రవారాలు అన్ని కథలు దొరికాయి.

"నాకొక్కటన్నా చెప్పలేదు నాయనా నువ్వు," అన్నాడు.

రవీంద్ర వచ్చి చాప మీద పక్కనే కూర్చుని తండ్రి కుడిచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు.

మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినబడేలోపు వర్ష ఉత్తరం రాసింది. తాత సీమ మాటల్లో చెబుతుంటే ఆ పిల్ల ఇంగ్లీషులో పెట్టింది. ఎద్దు లేదు, పోలీసు లేడు, చెనిక్కాయలూ వెళ్ళని రైలూ ఉన్నాయి. కింద తన సంతకం ఉండాలని ముసలాయన పట్టుబట్టి, కాగితం మీద తెలుగులో పెట్టి ఫోటో తీయించి జతచేయించాడు. పంపడానికి రవీంద్ర అడ్డు చెప్పలేదు.

పదకొండు రోజులు జవాబు లేదు. ఆ పదకొండు రోజులూ ఆ ఇంట్లో ఎవరి ఫోను మోగినా నలుగురూ లేచేవాళ్ళు. వర్ష పాత పట్టికను తెరిచి, బయటి దేశాల గడి దగ్గర వేలు పెట్టి అలాగే కూర్చునేది. తాత ఒక్క కథ చెప్పలేదు. చెప్పమని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పన్నెండో రోజున చేర్పుల విభాగం అధికారిణి రాసింది. కమిటీ ఉత్తరాన్ని దరఖాస్తుతో కలిపి మళ్ళీ చదివిందట. సీటు చదువునూ, ఇంటర్వ్యూనూ చూసి ఇచ్చింది గనక అలాగే ఉంటుంది, దరఖాస్తులో మాత్రం దిద్దుబాటు నమోదు చేస్తారు, కథ ఈ ఏడు అచ్చువేయరు. చివర తన సొంత మాటగా మరో రెండు వాక్యాలు కలిపింది. ఇక్కడి కొండ పల్లెల్లోనూ వైద్యానికి పంట పని అయ్యాక వస్తామనేవాళ్ళే ఎక్కువ. మా దగ్గర చదివిన పదిమందిలో ఆరుగురు ఆ పల్లెల్లోనే ఎందుకు ఉండిపోతారో మీ తాతగారికి నేను చెప్పనక్కర్లేదు.

వర్ష అది తెలుగు చేసి చదివింది. ఈశ్వరయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. అక్కడ కూడా చెనిక్కాయలు వేస్తారా అని మాత్రం అడిగాడు. పద్మజ నవ్వబోయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆగస్టులో పిల్ల విమానమెక్కింది. తాత అప్పటికే ఊరు చేరాడు. కొత్త పట్టిక వచ్చాక రవీంద్ర దాన్ని ఫోన్లో తండ్రికి చదివి వినిపించాడు. చేరినవాళ్ళు నూట డెబ్బై ఒకటి, ఆడపిల్లలు తొంభై ఆరు, కువైట్ ఒకటి. అవతల ముసలాయన, కువైట్ ఎదురుగా ఒకటి చేరినప్పుడు మన కువైట్ ఇంట్లో ఒకటి తగ్గింది గదరా అన్నాడు. రవీంద్ర ఖాళీ చాప వైపు చూసి అవునన్నాడు. ఫోను పెట్టేస్తాడనుకుంటే పెట్టలేదు, ఒక కథ చెప్పు నాయనా అన్నాడు. ఏ కథ అడిగాడో, ఆయన ఏది చెప్పాడో నాకు తెలియదు. ఫోను మాత్రం గంటన్నర నడిచిందని పద్మజ చెప్పింది.

ఇంతవరకూ చెప్పిందాంట్లో నేను కల్పించింది ఒక్కటుంది. ఆ శుక్రవారం రవీంద్ర చాప మీద కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకున్నాడన్నాను గదా, పట్టుకోలేదు. కిటికీ దగ్గర నుంచి వచ్చి, చల్లారిపోయిన దోసె పళ్ళెం తీసి, వేడిది వేయించి తెచ్చి ఆయన ముందు పెట్టి వెళ్ళిపోయాడు. పట్టుకుని ఉంటే బాగుండునని నేనే పెట్టాను.