ముప్పై ఒకటో ప్రశ్న

ఆస్పత్రి అపాయింట్‌మెంట్ల యాప్ ఎలా ఉండాలో చెబుతూ డిజైనర్ అమ్మాయి రాసిన డాక్యుమెంట్ పన్నెండు పేజీలు. దాని పక్కన డెవలపర్ పెట్టిన ప్రశ్నలు నలభై మూడు. నెట్ పోతే ఏమవుతుంది, బటన్ రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది అంటూ ఒకటే సొద. అసలే ఆమెకి ముక్కు మీద కోపం. ఈకలు పీకడం తప్ప ఈ మనిషికి వేరే పనిలేదనుకుని, సగం ప్రశ్నలు చదవకుండానే 'సరే' కొట్టి మూసేసింది. పనిలో పనిగా డెవలపర్‌ని మార్చమని మేనేజర్‌కి మెయిల్ కూడా పెట్టింది.

గురువారం ఒక పెద్దాయనకి ఫోన్ ఇచ్చి యాప్ వాడి చూడమన్నారు. ఆయన డాక్టర్‌ని ఎంచుకుని బటన్ నొక్కాడు. ఆ రోజు అపాయింట్‌మెంట్లు అయిపోయాయి, కానీ తెర మీద ఆ ముక్క లేదు. తెల్లగా ఉంది, అంతే. మళ్లీ నొక్కాడు, మళ్లీ నొక్కాడు. చివరికి "నాకే చేతకావట్లేదమ్మా" అని ఫోన్ తిరిగిచ్చేశాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

డాక్యుమెంట్ తీస్తే, అపాయింట్‌మెంట్లు అయిపోతే ఏం చూపించాలో ఎక్కడా లేదు. మూసేసిన వాటిలో ముప్పై ఒకటో ప్రశ్న అదే. "పెద్దవాళ్లు కంగారుపడతారేమో, వాళ్లకేం చెబుదాం?" అని అడిగాడతను.

మర్నాడు పొద్దున టీమ్ మీటింగ్‌లో అతను ఆ ఊసే ఎత్తలేదు. తప్పు తనదేనని ఆమే అందరి ముందూ ఒప్పుకుని, మెయిల్ వెనక్కి తీసుకుందామని మేనేజర్ దగ్గరికి పరుగెత్తింది. వేరే ప్రాజెక్టుకి వెళ్తావా అని అతన్ని నిన్ననే అడిగేశానన్నాడాయన. ఎప్పటినుంచో తెలీదు గానీ, అతను వెళ్లిపోతాడంటే ఆమెకి భయమేసింది.

"వెళ్లనన్నాడమ్మా. ఎందుకో చెప్పలేదు" అన్నాడు మేనేజర్. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

సాయంత్రం దాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పని జరగనప్పుడు ఏం కనిపించాలో ఒక్కో తెరకీ రాసుకొచ్చారు. ఆఖరి పేజీ అయ్యాక ఆమె గొంతు సవరించుకుంది.

"మిమ్మల్ని మార్చమంది నేనే."

"తెలుసు."

"మరెందుకు వెళ్లలేదు?"

"అంటే... పని సగంలో ఉంది కదా, కొత్తవాళ్లొస్తే మళ్లీ..." అని నీళ్లు నమిలాడు. అడగమంటే నలభై మూడు అడుగుతాడు గానీ, ఒక్క జవాబు పెగల్లేదు.

"డాక్యుమెంట్‌లో నేనిలా సగం సగం రాస్తే మీరు ఒప్పుకుంటారా? తిన్నగా చెప్పండి."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే ఇష్టం. కాదంటే మళ్లీ ఈ మాట ఎత్తను, పనికి అడ్డురాను. అవునంటే..." ఆగాడు. "అది ఆలోచించలేదు."

ఆమె నవ్వేసింది.

"అవును" అంది. "ఇప్పుడు ఆలోచించు."