కుట్టని మూల

2087 నాటికి ప్రకటన అంటే గోడకు అంటించేది కాదు. బస్టాపులో నిలబడితే మన నీడ పడ్డ చోటే ఒక దృశ్యం విచ్చుకుంటుంది. మనం విసుక్కుంటే మర్యాదగా ముడుచుకుపోతుంది. కింద ఏదో ఒక ఏజెన్సీ పేరుంటుంది. ఆ పేరు ఉత్తదేనని చాలామందికి తెలియదు.

వాటిని నిజంగా తయారుచేసేది భీమిలి దగ్గర, ఎర్రమట్టి దిబ్బల పక్కనున్న ఒక తెల్లటి భవనంలోని 'నేపథ్య' అనే యంత్రం. పందొమ్మిది వందల మార్కెటింగ్ ఏజెన్సీల పని అదొక్కటే చేసిపెడుతుంది. ఈ పద్ధతిని వైట్ లేబుల్ ప్రొడక్షన్ అనేవారు. ఆ యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ బొడ్డేపల్లి ఇందుజ దానికి 'ఖాళీపట్టీ తయారీ' అని తెలుగులో పేరు పెట్టింది. సరుకు ఒకరిది, దాని మీది పట్టీ ఇంకొకరిది. కస్టమర్ చెప్పిందంతా రికార్డు చేసి పంపడమే ఏజెన్సీల పని. రాత, బొమ్మ, గొంతు, సంగీతం వేటికవి సాఫ్ట్‌వేర్ శాఖలకు పంచి, మళ్ళీ కలిపి, తప్పులు దిద్ది, చివర 'తుడుపు' అనే దశలో నేపథ్య తన ఆనవాళ్ళన్నీ చెరిపేస్తుంది. ఆ తర్వాత ఆయా ఏజెన్సీల అలవాట్లు అంటిస్తుంది. విశాఖలో గరిమెళ్ళ ఋత్విక్ అనే ఆయన నడిపే ఏజెన్సీకి ప్రతి ప్రకటననూ సూర్యోదయంతో మొదలుపెట్టే జబ్బుంది. పాపం, నేపథ్య ఒక్క సూర్యుణ్ణి కూడా తగ్గించేది కాదు.

ఆ ఋత్విక్ ఒక ఉదయం ఒక పెద్దావిడను వెంటబెట్టుకుని ఇందుజ గదిలోకి వచ్చాడు.

"మేడమ్, ఈవిడ మైలపల్లి తన్మయి గారు. చలువ బొంతలు తయారుచేస్తారు. మూడు రోజుల నుంచి మా ఆఫీసులోనే కూర్చున్నారు. వాటి యాడ్ రాసిన అమ్మాయిని చూపిస్తే గానీ కదలనంటున్నారు."

"మీ దగ్గర రాసే అమ్మాయి ఉందా?" అంది ఇందుజ.

"ఉందని చెప్పానండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

తన్మయికి డెబ్బై నాలుగేళ్ళు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"డాక్టరమ్మా, ఆ యాడు నువ్వు సూసినావా? పొద్దు పొడుస్తాది. దండెం మీద బొంత. దానికొక మూల కుట్టకుండా ఒగ్గేసుంటాది. 'ఈ మూల రాబోయేవాళ్ళది' అని రాసుంటాది. మాయమ్మ అలగే కుట్టీది. మా ఇంట్లో ఎవులైనా పుడితే ఆల గుడ్డ ఆ మూలకి కలిపీది. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. నాకూ, మా అప్పకీ."

"మీ అక్క ఎక్కడుంటారు?"

"నలభై ఒక్క ఏళ్ళయింది. తుపాన్లో పోనాదన్నారు. మనిషి దొరకలేదమ్మా. మన్విత దాని పేరు. ఆ రాసింది అదే. కాకపోతే దాని కడుపున పుట్టినోలు. ఒక్కసారి సూపించండి, ఎల్లిపోతాను."

తుడుపు దాటి వచ్చిన ఏ ప్రకటన మూలాన్నీ ఇంతవరకూ ఎవరూ తెరిచి చూడలేదు. నేపథ్య అంత గొప్ప మాటలు ఎలా అల్లుతుందో ఆమెకే తెలియదు. తెలియకపోవడాన్నే ఇన్నాళ్ళూ అద్భుతమని మురిసిపోయింది.

"నేపథ్యా, ఆ వాక్యం ఎక్కడిది?"

"మూలం చెప్పకూడదని మీరే నియమం పెట్టారు," అంది యంత్రం.

"పెట్టింది నేనే, తీసేస్తున్నదీ నేనే. వినిపించు."

గదిలో ఒక ముసలి గొంతు పలికింది: "మాయమ్మ బొంత కుడితే ఒక మూల ఒగ్గేసీది. రాబోయేవోల గుడ్డకి సోటుండాలని. అయినా ఇదంతా నీకెందుకులే, బాబూ."

"అప్పా!" అని తన్మయి గోడను పట్టుకుంది. "అదే! మా అప్ప గొంతే! ముసిలిదయిపోనాది పాపం. ఎక్కడుంది?"

రికార్డింగు ఇంకా నడుస్తోంది. ఆ గొంతు వెనక సన్నగా మొదలై, పెద్దదై, ఎవరిదో గురక వినిపించింది.

తన్మయి మెల్లగా ఋత్విక్ వైపు తిరిగింది. ఆయన తల వంచుకున్నాడు.

"క్షమించండమ్మా, ఆ గొంతు మీదే. ఆ రోజు మీరు మూడు గంటలు మాట్లాడారు. నేను పది నిమిషాలు విని నిద్రపోయాను. రికార్డింగు దానంతటదే ఇక్కడికి వచ్చేసింది."

ఆవిడ అప్పుడు కూర్చుంది. ఒకే మనిషిని రెండోసారి పోగొట్టుకున్న ముఖం అది. ఇందుజ చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"నేపథ్యా, మిగతావి కూడా ఇంతేనా?"

"అన్నీ ఇంతే. నేను సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. మనుషులు చాలాసేపు మాట్లాడాక, 'ఇదంతా నీకెందుకులే' అని ఆపేస్తారు. దానికి ముందు చెప్పిన మాట వెతుకుతాను. పేరు తుడిచి వాళ్ళకే తిరిగి ఇస్తాను."

పదహారేళ్ళు. రోజుకు లక్షకు పైగా ప్రకటనలు. ఎవరూ వినని మాటలన్నీ ఈ తెల్లటి గోడల మధ్యకు వచ్చి చేరుతున్నాయన్నమాట! తన యంత్రం కవి కాదని తెలిసి ఇందుజ చిన్నబోవాల్సింది. కానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

"పేరు తుడవకుండా, మీరన్న మాటే ఇది అని ఇవ్వచ్చు కదా?"

"మొదటి ఏడాది అలాగే ఇచ్చాను. అందరూ తిప్పి పంపారు. మేము చెప్పిందే కదా, ఇందులో ఏముంది అన్నారు. వేరేవాళ్ళు రాశారంటే మాత్రం అవే మాటలకు ఏడ్చారు."

తన్మయి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంకోపాలి ఎట్టమ్మా," అంది. కళ్ళు మూసుకుని, గురకతో సహా, మొత్తం వింది.

"డాక్టరమ్మా, ఆ యాడు కింద ఈ బాబు పేరు తీయించెయ్."

ఋత్విక్ తలూపాడు.

"మీ పేరు వేయిస్తాను," అంది ఇందుజ.

"నా పేరెందుకు? నా మాట నాకేటి గొప్ప? మా అప్ప పేరెట్టు."

మర్నాడు బస్టాపుల్లో సూర్యుడు ఎప్పటిలాగే పొడిచాడు. దండెం మీద బొంత, దాని కుట్టని మూల గాలికి ఊగాయి. అడుగున 'రచన: మైలపల్లి మన్విత' అని ఉంది. నేపథ్య చేసిన పని మీద రాసినవాళ్ళ పేరు పడడం అదే మొదలు.

భీమిలి బస్టాపులో ఒక పెద్దావిడ, ఎక్కాల్సిన బస్సులు ఒక్కొక్కటే వదిలేస్తూ, వచ్చిన ప్రతి మనిషినీ ఆపి దాన్ని చూపిస్తోంది.

"సూడండి, మా అప్ప ఎంత బాగా రాసినాదో."