గుట్టలమ్మకు వదిలిన మేక

గవ్వలకోట రాజ్యంలో పాలు ఎండిపోయాయి. ఆవుల పొదుగుల్లోనే కాదు, బాలింతల రొమ్ముల్లో కూడా. ఉయ్యాలల్లోని పసివాళ్ళు ఏడ్చే ఓపిక లేక, పిచ్చుకపిల్లల్లా నోళ్ళు తెరుచుకుని పడి ఉండేవారు. రాజు పొరుగు రాజ్యం నుంచి బళ్ళమీద నెయ్యి తెప్పించి యాగం చేయించాడు. ఆ నెయ్యంతా అగ్నిహోత్రుడే తాగాడు. ఒక్క పసినోట్లోనూ చుక్క పడలేదు.

చివరకు కొండమీది ముని ఒకాయన దిగివచ్చాడు.

"రాజా! ఇది గుట్టలమ్మ శాపం. ఆమెకు మీరు వదిలిన మేక చూడితో ఉంది. అది సుఖంగా ఈనాలి. దాని పిల్లలు కడుపునిండా తాగాక కూడా ఒక్క పాలచుక్క మిగిలి నేలమీద పడాలి. అప్పుడే ఈ శాపం తీరుతుంది" అని చెప్పి, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆ మేక పేరు బొల్లి. అమ్మవారికి వదిలిన మేకను ఎవరూ కట్టెయ్యకూడదు, కొట్టంలో ఉంచకూడదు, మేత వెయ్యకూడదు. అమ్మ మేకను అమ్మే మేపుకుంటుందని ఆ ఊరి కట్టు. మనం మేత వేస్తే అమ్మను బిచ్చగత్తెను చేసినట్టేనట. అందుకని ఊళ్ళోవాళ్ళంతా దానికి బొట్టు పెట్టేవారు, దండ వేసేవారు, దండం పెట్టేవారు, తమ చేలకు మాత్రం దిట్టంగా ముళ్ళకంచె వేసుకునేవారు. బొల్లి తన మెడలోని దండలు తిని, అవి అయిపోతే దండల దారాలు తిని బతికింది.

భటులు పట్టుకొచ్చేసరికి దాని వెన్ను రంపంలా ఉంది. పక్కటెముకలు దూరంనుంచి లెక్కపెట్టొచ్చు. కడుపొక్కటే తడిసిన మూటలా వేలాడుతోంది. రాజు కంగారుపడి గంగాళం నిండా నేతిపొంగలి చేయించి దాని ముందు పెట్టించాడు. బొల్లి మూతి చాపింది.

ఇంతలో జనంలోంచి ఒక పిల్ల దూసుకొచ్చి గంగాళాన్ని తన్నేసింది. మేకలకాపరి కూతురు, సుంకి. చంకలో పాలకోసం నోరు తెరిచిన తమ్ముడున్నాడు.

"అమ్మ ప్రసాదాన్ని తన్నిందిరో!" అని పూజారి గోలపెట్టాడు.

"తన్నకపోతే తెల్లారేసరికి ఉబ్బి సచ్చేది సామీ. ఎండిన కడుపు ఇది. గుప్పెడు గుప్పెడుగా నింపాల. నాకియ్యండి, అడివికి తోలుకపోతా. ఈనేనాటికి తెస్తా."

"అది చస్తే?" అన్నాడు రాజు.

"అది సస్తే నా తమ్ముడూ దక్కడు. ఇంక మీరెయ్యాల్సిన శిక్ష ఏముంది సామీ?"

రాజు సరేనన్నాడు. తమ్ముణ్ణి గంజితేట పట్టమని పక్కింటి అవ్వ ఒళ్ళో పెట్టి, సుంకి బొల్లిని ముందుకు తోలింది. రాజ్యం చివర ముళ్ళకోన. కోన మొదట్లోనే కాయలు విరగకాసిన తుమ్మచెట్లు. వాటికింద కాళ్ళు చాపుకుని పెద్ద రాక్షసుడు.

"ఎవతివే? నా తుమ్మలకింద అడుగుపెట్టి బతికి పోయినోళ్ళు లేరు!"

"నువ్వా మామా! భయపడి సచ్చా, ఎవరో అనుకుని" అంది సుంకి.

మామా అనేసరికి రాక్షసుడు కాస్త తడబడ్డాడు. అయినా కోరలు నూరుతూ బొల్లిని నడుం దగ్గర పట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఛీ, దీన్ని తింటే ఎముకలు పళ్ళలో ఇరుక్కుంటాయి."

"నిజమే మామా. బలిసినాక తిందువు. మరి మేపేదెవరు? నేనా కొమ్మలందుకోలేను."

రాక్షసుడు ఆలోచించాడు. తన భోజనాన్ని తనే మేపుకోవాలనుకున్నాడు పాపం. మరునాటినుంచి తుమ్మకాయలు దులిపి, రేగుకొమ్మలు వంచి తెచ్చేవాడు. చేటెడు ఒకేసారి పోయబోతే సుంకి చేతిమీద చరిచేది.

"గుప్పెడే! లోపల పిల్లలున్నాయి మామా, మేతకు చోటు చాలదు. కాసేపాగి ఇంకో గుప్పెడు."

"దీనికంటే సైన్యాన్ని మింగడం తేలికే" అని గొణుక్కుంటూ రాక్షసుడు అరచేయి చాపేవాడు. బొల్లి వాడి అరచేతిని గరుకు నాలుకతో నాకేది.

మేక తేరుకుంటోంది. అయినా బొచ్చు మెరవలేదు, రాళ్ళు నాకుతోంది. దానికి ఉప్పు కావాలి. ఉప్పురాయి కోన అడుగున, నల్లత్రాచు చుట్టకింద ఉంది.

"ఉప్పు కావాలంటే ఉప్పే ఇవ్వు. నీ కన్నీళ్ళు ఈ రాతిమీద పడాలి" అంది పాము.

"నాకు ఏడుపు రాదు తల్లీ. ఎప్పుడో ఇంకిపోయింది."

"ఎందుకింకిందో చెప్పు."

సుంకి రాతివైపు చూస్తూ చెప్పింది. "మా అమ్మ తమ్ముణ్ణి మోసేటప్పుడు కరువు. ఊరంతా చూసి, గుట్టలమ్మే కాపాడతాదిలే అనేవోళ్ళు. గుప్పెడు గింజలిచ్చినోళ్ళు లేరు. తమ్ముడు పుట్టిన వారానికి రాజుగారింట పండగ, అందరికీ భోజనాలు. అమ్మ ఆశగా తినింది. నేనే ఇంకా తినమ్మా అని నా ఆకులోది కూడా పెట్టినా. సాయంత్రానికి కడుపు పట్టుకుని..."

ఉప్పురాతిమీద చుక్క రాలింది, మరొకటి రాలింది. పాము చుట్ట విప్పి పక్కకు జరిగింది.

బొల్లి వెన్నుమీద చెయ్యేస్తే ఇప్పుడు ఎముక గుచ్చుకోవడం లేదు. పొదుగు దిగింది. సుంకి బయల్దేరబోతే రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"మోసం చేశావే పిల్లా! తిందామని మేపా. పేరుపెట్టి పిలిస్తే పరిగెత్తుకొస్తోంది. దాన్నెట్లా తినేది?"

"తినొద్దులే మామా."

"ఈనాక మళ్ళీ తోలుకురా. తుమ్మకాయలు ఎండబెట్టి ఉంచుతా" అని మొహం తిప్పుకున్నాడు.

కోట ముంగిట బొల్లి రెండు పిల్లల్ని ఈనింది. పిల్లలు తాగి తాగి తూలి పడ్డాయి. అప్పుడు పొదుగునుంచి ముర్రుపాల చుక్కొకటి జారి మట్టిలో పడింది. ఆ క్షణమే రాజ్యమంతటా పొదుగులూ రొమ్ములూ పాలతో చేపాయి. ఇల్లిల్లూ పసివాళ్ళ ఏడుపులతో దద్దరిల్లింది. ఒక తల్లి సుంకి తమ్ముణ్ణి కూడా రొమ్ముకు అదుముకుంది.

రాజు బొల్లి వీపు నిమిరి మురిసిపోయాడు. "ఆహా, ఎంత పుష్టిగా ఉంది! రేపే జాతర. దీన్నే గుట్టలమ్మకు బలి ఇద్దాం. సుంకీ, ఏం కావాలో కోరుకో, అర్ధరాజ్యమైనా సరే!"

"అర్ధరాజ్యం మీదగ్గరే ఉండనీ సామీ. మేకనియ్యండి."

సభంతా పగలబడి నవ్వింది. మాట ఇచ్చాడు కనుక రాజు కాదనలేకపోయాడు. సుంకి తమ్ముణ్ణి చంకనేసుకుని, బొల్లినీ పిల్లల్నీ తోలుకుని ముళ్ళకోనకు వెళ్ళిపోయింది.

గవ్వలకోటవాళ్ళు బంగారు మేకను పోతపోయించి కోటముందు నిలబెట్టారు. దానిముందు రోజూ గంగాళం పొంగలి పెడతారు. ఇంట్లో అన్నం దొరకని చూలాలు మాత్రం అటు వెళ్ళదు, ముళ్ళకోనకు నడుస్తుంది. అక్కడ ఒక రాక్షసుడు, "గుప్పెడేనమ్మా. కాసేపాగి ఇంకో గుప్పెడు" అంటూ అరచెయ్యి చాపుతాడు. ఆ కోనకు సుంకే రాణి అంటారు. కిరీటం ఎవరూ చూడలేదు.

కథ కోనలోనే ఉండిపోయింది. మనం ఇళ్ళకు పోదాం. పోయాక ఎవరికైనా బొట్టుపెట్టే ముందు, ఒకసారి వాళ్ళ వెన్నుమీద చెయ్యేసి చూడండి, ఎముక గుచ్చుకుంటోందేమో.