మృతుడి వందన సమర్పణ

"అమ్మా, నా వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు," అంది గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి.

మరిది చేతిలో టీ కప్పు ఒలికింది. వదిన మాత్రం కళ్ళజోడు సర్దుకుని కుర్చీ చూపించింది.

"కూర్చో తల్లీ. శవం ఎక్కడుంది?"

"డిపార్ట్‌మెంట్‌లో. నా మీద కేకలేస్తోంది."

గుమ్మం పక్కన 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డుంది. చూసినవాళ్ళంతా ముందు మరిదికి నమస్కారం పెడతారు. అతను చిన్నబుచ్చుకోకుండా వాళ్ళను వదినవైపు తిప్పుతాడు. అత్తగారు తానే దాచి, ఎక్కడ దాచిందో మరచిపోయిన బీరువా తాళాల్ని కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టిన మనిషి ఆమె. ఆనాటి నుంచి మరిదికి వదిన మాటంటే వేదవాక్కు. పెట్టిన వ్యాపారాలన్నీ వరసగా మునిగాక, అతను ఆమె దగ్గరే సహాయకుడిగా కుదురుకున్నాడు.

అమ్మాయి సంచిలోంచి ఒక పత్రిక తీసి బల్లమీద పరిచింది. యూనివర్సిటీలో జర్నలిజం చదివే పిల్లలు పని నేర్చుకోవడానికి వారం వారం వేసే పత్రిక అది. దానికి ఆ అమ్మాయే ఎడిటర్, అందరూ ఎడిటరమ్మ అంటారు. మొదటి పేజీ నడినెత్తిన నల్లటి శీర్షిక: 'జర్నలిజం ఆచార్యుడి మృతి'.

వదిన వార్త పైకి చదివింది. "యూనివర్సిటీ సదస్సులో ముఖ్య అతిథి ప్రసంగిస్తుండగా జర్నలిజం విభాగాధిపతి మృతి చెందారు. సభ నిర్విఘ్నంగా కొనసాగింది." అంతే, వార్త అక్కడితో అయిపోయింది.

"పొద్దున్నించి సార్ ఇంటికి పూలదండలు వస్తున్నాయండి. దండ తెచ్చినవాళ్ళకి సారే తలుపు తీశారు. ఈ పేజీ తయారైన రోజు నేను ఉద్యోగం ఇంటర్వ్యూకి పొరుగూరు వెళ్ళాను, పేజీ చూడలేదు. సార్ పాఠాన్ని విమర్శిస్తూ ఒకసారి సంపాదకీయం రాశాను కాబట్టి, ఇదీ నా పనేనని ఆయన పట్టు. సాయంత్రంలోగా దోషిని చూపించకపోతే సర్టిఫికెట్ ఇవ్వనన్నారు. అది లేకపోతే నా ఉద్యోగం గోవిందా. ఇంట్లో అప్పుడే ఊరంతా చెప్పేసుకున్నారండి."

"పదవయ్యా మరిదీ," అంటూ వదిన చెప్పులేసుకుంది. "నిండు సభలో మనిషి పోతే సభ నిర్విఘ్నంగా సాగిందట. ఆ ముక్క నాకు మింగుడు పడటంలేదు."

విభాగాధిపతి గదిలో మృతుడు భేషుగ్గా ఉన్నాడు. నిండైన మనిషి, గంట కొట్టినట్టుండే గొంతు. మెత్తటి వాలుకుర్చీలో కూర్చుని ఒక పూలదండను చెత్తబుట్టలో కుక్కుతున్నాడు.

"ఇది కుట్రండీ," అన్నాడు ప్రొఫెసర్. "నేను ఆ సభలో ముందు వరసలోనే ఉన్నాను. చివర్లో వందన సమర్పణ చేసిందీ నేనే."

"ప్రసంగం ఎలా ఉందండి?"

ప్రొఫెసర్ కాస్త తడబడ్డాడు. "ఆఁ... గంభీరంగా ఉంది."

"దేని గురించో?"

"చాలా విషయాల గురించి. అయినా పిల్లలకి నేనేం తక్కువ నేర్పాను? వార్తలో ప్రతి అక్షరం ఖరీదైనదమ్మా. తుదిశ్వాస విడిచారు, పరమపదించారు, ఈ డాంబికాలన్నీ దండగ. మృతి. రెండే అక్షరాలు. నా శిష్యుల చేత అలా రాయించిందే నేను. ఆ రెండక్షరాలే నా నెత్తిమీద పడ్డాయి."

"పేజీ అచ్చుకి పంపేముందు ఎవరు ఒప్పుకోవాలి?"

"నేనే. నేను ఔనందే ఏ పేజీ గడప దాటదు. ఇది నాకు చూపించనే లేదు."

పక్కగదిలో పిల్లల న్యూస్‌రూమ్. అక్కడ ఇద్దరే అనుమానితులు. వార్తలు దిద్దే కుర్రాణ్ణి అందరూ కత్తెర అంటారు. వాడి చేతిలో పడితే పెళ్ళి శుభలేఖ కూడా మూడు ముక్కలౌతుంది.

"మనిషి పోయారనే వచ్చిందండి వార్త," అన్నాడు కత్తెర. "నేను కుదించానంతే. చోటు చాలక కిందనుంచి రెండు వాక్యాలు కోశాను. ముఖ్యమైనది పైన, కానిది కింద అని సారే చెప్పారు. పేజీ కూడా సార్‌కి చూపించాను. భోజనం చేసి కుర్చీలో ఉన్నారు. పంపమంటారా అంటే 'ఊఁ' అన్నారు."

"ముందు రాసింది ఏదీ?"

"దానిమీదే దిద్దుతామండి. పాతది మిగలదు."

రెండోవాడు రిపోర్టర్. ఊహ తెలిసినప్పటి నుంచీ పరాయి భాష బడిలో, హాస్టల్లో పెరిగాడు. తెలుగు మీద మమకారంతో పత్రికలు ముందేసుకుని తనంతట తానే నేర్చుకున్నాడు. చూపులో కల్లాకపటం లేదు.

"సార్ చనిపోయారని నేను రాయలేదండి, ఒట్టు," అన్నాడు. "చివర్లో ఆయన లేచి వందన సమర్పణ చేశారని కూడా రాశాను. అది వేయలేదు."

"సభలో నువ్వు మొదట్నించీ ఉన్నావా?"

"ఉన్నానండి. ప్రశ్న అడుగుదామని చాలాసార్లు చేతులెత్తేశాను. ఎవరూ పట్టించుకోలేదు."

కత్తెర కిసుక్కున నవ్వాడు.

"తర్వాత?"

"వార్త రాసి కత్తెరకిచ్చి చేతులు కడిగేసుకున్నానండి."

"చూశావా వదినా," అని మరిది చెవిలో గొణిగాడు. "బాధ్యత ఎలా దులిపేసుకుంటున్నాడో. వీడే."

వదిన అతన్ని పట్టించుకోలేదు. "ఎందుకు కడుక్కున్నావు నాయనా?"

"సభలో బిస్కెట్లు పెట్టారండి. చేతులు జిడ్డయ్యాయి."

వదిన ముఖంలో చిన్న నవ్వు మెరిసింది. మరిదికి ఆ నవ్వు తెలుసు. తాళాలు దొరికిన రోజున కూడా అలాగే నవ్వింది. ఏం దొరికిందో మాత్రం అతనికి బొత్తిగా అంతుబట్టలేదు. ఒకడు చచ్చాడని రాశాడంటున్నాడు, ఒకడు రాయలేదంటున్నాడు. ఇద్దర్లో ఒకడు అబద్ధం ఆడాలి కదా.

"అందరూ భోజనాలు కానివ్వండి. ప్రొఫెసర్‌గారు సుష్టుగా తినాలి. ఆ తర్వాత ఆయన గదిలోనే దోషిని చూపిస్తాను," అంది వదిన.

భోజనాలయ్యాక అందరూ చేరారు. ప్రొఫెసర్ వాలుకుర్చీలో, కత్తెర, రిపోర్టర్ గోడ పక్కన, ఎడిటరమ్మ తలుపు దగ్గర గోళ్ళు కొరుక్కుంటూ. వదిన లేచి నిలబడింది.

"మానవజాతి చరిత్రలో సమాచారం అనేది ఎంతో ప్రాముఖ్యం గల అంశం," అని మొదలుపెట్టింది. "ఆదిమానవుడు గుహల్లో బొమ్మలు గీసిన నాటి నుంచి..."

మరిది బిత్తరపోయాడు. మూడు మాటల్లో తేలేదానికి నాలుగో మాట వాడని మనిషి వదిన. ఇప్పుడు ఆదిమానవుణ్ణి దాటి పావురాల దగ్గరికొచ్చింది, పావురాలు దాటి కాగితం పుట్టుక దగ్గరికొచ్చింది. ఆగే సూచన లేదు. వదినకి ఎండదెబ్బ తగిలిందేమోనని అతను నిజంగానే బెంగపడ్డాడు.

అచ్చుయంత్రం దగ్గరికి వచ్చేసరికి ప్రొఫెసర్ గడ్డం ఛాతీకి ఆనింది. వదిన గొంతు మార్చకుండానే అడిగింది.

"సార్, మీ కారు నేను తీసుకెళ్ళనా?"

"ఊఁ," అంది వాలుకుర్చీ.

"మీ ఉద్యోగం కత్తెరకిచ్చేద్దామా?"

"ఊఁ."

కత్తెర ముఖం పాలిపోయింది. తాను పేజీ చూపించినప్పుడు విన్న 'ఊఁ' అచ్చం ఇదే.

వదిన రిపోర్టర్ వైపు తిరిగింది. "నాయనా, సార్ ఇప్పుడేం చేశారు? పత్రికలో రాసినట్టు, మర్యాదగా చెప్పు."

రిపోర్టర్ చేతులు కట్టుకుని ఎంతో గౌరవంగా అన్నాడు. "కన్నుమూశారండి."

"మృతి," అంది కత్తెర నోరు, వాడి ప్రమేయం లేకుండా.

ప్రసంగం ఆగిపోవడంతో ప్రొఫెసర్ ఉలిక్కిపడి లేచి, చొక్కా సర్దుకున్నాడు. "ఈ సభను జయప్రదం చేసిన ముఖ్య అతిథిగారికీ, ఓపికగా విన్న మీ అందరికీ..." అంటూ చుట్టూ చూసి ఆగిపోయాడు.

"కూర్చోండి," అంది వదిన. "ఆనాడు జరిగిందీ ఇదే. మీరు పోయారని ఎవరైనా కావాలని రాస్తే గుండెపోటు ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, సంతాపం ఉంటుంది. ఈ వార్తలో అవేవీ లేవు. అంటే ఇది చావు వార్తగా పుట్టలేదు. ఈ అబ్బాయికి తెలుగు మాటలన్నీ వచ్చు, వాటి వెనక మాటలు రావు. చేతులెత్తేశానంటే చెయ్యెత్తాడనే అర్థం. చేతులు కడిగేసుకున్నానంటే నీళ్ళతోనే. మరి కన్నుమూశారంటే?"

"పెద్దవాళ్ళని నిద్రపోయారు అనకూడదు కదండీ," అన్నాడు రిపోర్టర్ బిక్కమొహంతో. "పేపర్లో రోజూ చూస్తాను. మంత్రులు, పండితులు, అందరూ కన్నుమూస్తూనే ఉంటారు. పాపం సభల్లో కూర్చుని అలసిపోతారనుకున్నాను."

మరిది నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

"కత్తెర ఆ మాటని మీరు చెప్పినట్టే రెండక్షరాలు చేశాడు," అంది వదిన. "మీరు లేచి మాట్లాడిన వాక్యాన్ని, మీరు చెప్పినట్టే, కిందనుంచి కోశాడు. మీరు చెప్పినట్టే పేజీ తెచ్చి మీకు చూపించాడు. మీరు ఊఁ కొట్టారు. ఇద్దరు పిల్లలూ నిజమే చెప్పారు సార్. ఆ రోజు ఊళ్ళోనే లేని పిల్లకి మాత్రం శిక్ష వేశారు."

ప్రొఫెసర్ చెత్తబుట్టలోంచి పూలదండను బయటికి తీసి, నలిగిన పూలు సర్దడం మొదలుపెట్టాడు. సిగ్గు పడటం అలవాటు లేని మనిషి కాబట్టి, కాస్త సమయం పట్టింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు చివరికి ఎడిటరమ్మతో. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆయన సొరుగులోంచి సర్టిఫికెట్ తీసి పెన్ను మూత విప్పాడు.

"చదివి పెట్టండి సంతకం," అంది వదిన.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వేలుతో ఒక్కో వరసా పట్టుకుని చదివాడు. అమ్మాయి చదువు బాగుంది, నడవడి బాగుంది. అడుగున తన పేరు దగ్గర వేలు ఆగింది. పొద్దున పత్రిక చూసిన ఆఫీసు గుమాస్తా, పని ముందే చక్కబెట్టాడు. పేరుకి ముందు 'కీ.శే.' అని ఉంది.

"చదవకపోతే నా చావుకి నేనే సంతకం పెట్టేవాణ్ణి," అన్నాడు ప్రొఫెసర్ నీరసంగా. ఆ రెండక్షరాలూ కొట్టేసి, పక్కన పొడి సంతకం, కింద నిండు సంతకం చేసి, కాగితాన్ని ఎడిటరమ్మ చేతిలో పెట్టాడు.

రిపోర్టర్ మెడ సాచి చూశాడు. "కీ.శే. అంటే ఏంటండి?"

అందరూ కత్తెర వైపు చూశారు.

"చెప్పు నాయనా," అంది వదిన చెప్పులేసుకుంటూ. "ఈసారి పూర్తిగా చెప్పు. కుదించకు."